సన్‌రూఫ్ కింద బాపు నెత్తి మాడకుండా ఇంట్లో చేసుకునే పరదా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో ఉంటారు, పొడుగాటి పనోరమిక్ సన్‌రూఫ్, అంటే పైకప్పులో పెద్ద అద్దం ఉన్న సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు, దానితో వచ్చిన పరదా పల్చటి గుడ్డ. వెనక సీట్లో కూర్చున్న మీ బాపు "నెత్తి మీద పెనం పెట్టినట్టుంది, నన్ను బస్సెక్కించు" అంటున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన జాలీ పరదా సైజు కుదరలేదు. థర్మాకోల్‌కి వంటింటి ఫాయిల్ అతికించి పెట్టుకోవచ్చా, లేక అద్దానికి నల్ల ఫిల్మ్ వేయించాలా అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే సీట్ కవర్లు, టాప్ లైనింగ్ (కారు పైకప్పుకు లోపలివైపు ఉండే గుడ్డ) పని చేస్తున్నాను. సన్‌రూఫ్ కార్లు ఎక్కువయ్యాక ఈ పరదాలు కూడా కుడుతున్నాను. మొదట్లో మూడు నాలుగు చెడగొట్టాను కూడా. మీకు ముందే జవాబు చెప్పేస్తాను: థర్మాకోల్ వద్దు, ఫిల్మ్ వద్దు. రేకుల షెడ్లకు లోపలివైపు వేసే వెండి ఫోమ్ షీటు తెచ్చుకోండి. డబ్బు పెద్దగా కాదు గానీ, కొలతకు ఒక సాయంత్రం మొత్తం పెట్టాలి.

ముందు మన ఎండ సంగతి. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు, మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఇంకోసారి. జూలైలో మబ్బులుంటాయి కాబట్టి అంతగా తెలియదు. మేలో ఆ రోజుల్లో పన్నెండూ పది ప్రాంతంలో కరెంటు స్తంభం పక్కన నిలబడి చూడండి, నీడ దాని మొదట్లోనే ముడుచుకుని ఉంటుంది. ముందు అద్దానికి వెండి పరదా పెట్టినా కారు పొయ్యిలా ఉందని చాలామంది నా దగ్గరికి వస్తారు. ఎండ ముందు నుంచి వస్తే కదా అది ఆపేది! ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకీ ముందు అద్దం, పక్క అద్దాలు చూసుకోవాలి. పదకొండు నుంచి రెండు దాకా అంతా పైనుంచే.

నడి ఎండలో చదరపు మీటరు జాగా మీద సుమారు వెయ్యి వాట్లు పడతాయి. పొడుగాటి సన్‌రూఫ్ అంటే దాదాపు అంత జాగా ఉంటుంది. ఒక ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి కారు మీద వదిలేసినట్టు లెక్క. అద్దం ముదురు రంగులో ఉంటుంది కాబట్టి అంతా లోపలికి రాదు గానీ, ఆపుకున్న వేడితో అద్దమే కాగుతుంది. అద్దం దాటి వచ్చిన ఎండను కింది గుడ్డ పీల్చుకుంటుంది. మీ పరదా ముదురు బూడిద రంగే అయ్యుంటుంది, మధ్యాహ్నం ఒకసారి చేత్తో ముట్టుకుని చూడండి. మీ బాపు చెప్పిన పెనం అదే. వెలుతురు ఆగింది కదా ఇంకా వేడెందుకు అని మనం అనుకుంటాం. ఆగిన వెలుతురే సెగై కిందికి దిగుతోంది.

కాబట్టి మనం చేయబోయే పరదా ఆ సెగను వెనక్కి కొట్టాలి. మెరిసే లోహపు పూత ఆ పని బాగా చేస్తుంది, కానీ దానికి ఎదురుగా కొంచెం గాలి సందు ఉండాలి. వెండి షీటును కాగిన గుడ్డకు అతుక్కుపోయేలా పెడితే తగిలిన చోటల్లా వేడి నేరుగా ఎక్కుతుంది, మెరుపు ఉండి లాభం లేదు. చిటికెన వేలు వెడల్పు సందు చాలు. రెడీమేడ్ పరదాలు కొన్నవాళ్లలో చాలామందికి ఈ సందు సంగతి ఎవరూ చెప్పరు. వాటిని అద్దానికి వత్తి పెట్టేస్తారు. అద్దానికి కూడా అది మంచిది కాదు, దాని వేడి దానిలోనే నిలిచిపోతుంది.

థర్మాకోల్ గురించి. నా మొదటి పరదా అదే. సీట్లకు వాడే రబ్బరు గమ్ము పూసి ఫాయిల్ అంటించబోయాను. ఆ గమ్ములో ఉండే సాల్వెంట్ థర్మాకోల్‌ను కరిగిస్తుందని అప్పటికి నాకు తెలియదు. నేను చూస్తుండగానే షీటంతా గుంటలు పడిపోయింది. రెండోసారి తెల్ల గమ్ము వాడాను, అంటుకుంది. ఏప్రిల్‌లో పెట్టాను, మే వచ్చేసరికి అంచులు రాలడం మొదలై తెల్ల పూసలు ఏసీ గాలికి కారంతా ఎగిరాయి. సీట్ల సందుల్లో దసరాకి కూడా దొరికాయి. ఇక వంటింటి ఫాయిల్ చిరుగుతుంది, గతుకుల్లో చప్పుడు చేస్తుంది. దాని నిగనిగలాడే వైపు పైకి ఉండాలా మసక వైపు ఉండాలా అని అడిగేవాళ్లు ఉన్నారు, చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు.

నల్ల ఫిల్మ్ మాట. 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు ఫిల్మ్ అతికించడాన్ని ఆపింది. రూల్ ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దాటాలి. ఆ తర్వాత రూళ్లలో మార్పులు వచ్చాయి, వాదనలు నడిచాయి, అవన్నీ అలా ఉంచండి. నా అభ్యంతరం వేరే. మామూలు నల్ల ఫిల్మ్ వేడిని పీల్చుకుని అద్దాన్ని ఇంకా కాచుతుంది. వెలుతురు తగ్గడంతో చల్లబడినట్టు కళ్లకు అనిపిస్తుంది, నెత్తికి అనిపించదు. తీసి పక్కన పెట్టగలిగే పరదా అయితే ఈ గొడవే లేదు, చలికాలం వస్తే తీసేసి ఎండ కాగొచ్చు.

వెండి ఫోమ్ షీటు మీటర్ల లెక్కన అమ్ముతారు. కోళ్ల ఫారాల రేకుల కింద, డాబా మీద వేసుకున్న రేకుల గదుల్లో చూసే ఉంటారు. 5 మి.మీ. ఉంటుంది, 10 మి.మీ. ఉంటుంది. మీకు 10 మి.మీ. కావాలి, ఎందుకంటే అది తన బరువుకు తాను వంగదు. దొరక్కపోతే 5 మి.మీ. షీటు రెండు పొరలు, వెండి వైపులు రెండూ బయటికి ఉండేలా కలిపి కుట్టండి. బుడగల షీటు కూడా వెండి రంగులో దొరుకుతుంది, చవక. నేను వాడను. అది నిలబడదు, రెండు ఎండాకాలాలకు బుడగలు చప్పబడతాయి.

ఇప్పుడు కొలత. దీని దగ్గరే అందరూ తొందరపడతారు. టేపు పెట్టి పొడుగు, వెడల్పు రాసుకుని కోసేస్తారు. సన్‌రూఫ్ గూడు, అంటే లోపలి నుంచి చూస్తే పైకప్పులో పరదా కూర్చునే గుంట, చూడటానికి నలుచదరంగా ఉంటుంది గానీ ముందు వైపు కొంచెం విల్లులా వంగి ఉంటుంది, మూలల గుండ్రం ముందొక రకం, వెనకొక రకం. ఎండ తగ్గి కారు చల్లబడ్డాక, గుడ్డ పరదా పూర్తిగా మూసి, వెనక సీట్లో వెల్లకిలా పడుకోండి. న్యూస్‌పేపర్లు నాలుగైదు అతికించి గూడు కంటే పెద్దగా చేసుకుని, పెయింటర్లు వాడే పేపర్ టేపుతో లోపలి నుంచి నిలబెట్టండి. మామూలు ప్లాస్టిక్ టేపు లైనింగ్ మీద వేయొద్దు. గూడు అంచు వెంబడి బొటనవేలి గోటితో గట్టిగా రాస్తూ పోతే పేపరు మీద మడత గీత పడుతుంది. మూలల దగ్గర మెల్లగా, రెండు మూడు సార్లు రాయండి.

కిందికి దించే ముందే పేపరు మీద పెద్ద అక్షరాలతో "ముందు", "డ్రైవర్ వైపు", "కింది వైపు" అని రాసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒకసారి నేను రాయలేదు, నమూనా తిరగేసి కోశాను, వెండి వైపు కిందికి పెడితే తప్ప మూలలు కుదరని పరదా తయారైంది. షీటు డబ్బులు నా జేబులోంచే పోయాయి.

పేపరు గీత మీద కత్తిరించి, ఆ ఆకారాన్ని ఫ్రిజ్‌దో టీవీదో పాత అట్టపెట్టె మీదికి ఎక్కించండి. అట్టను కోసి గూట్లో పెట్టి చూడండి. ఎక్కడ ఇరుకుతోందో, ఎక్కడ సందు వస్తోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి సరిచేయండి. అట్ట సరిగ్గా కూర్చునే దాకా ఫోమ్ ముట్టుకోవద్దు. మా దుకాణంలో కొత్త పిల్లలకు ఈ ఓపిక నేర్పడానికే నెల పడుతుంది.

ఇంకో సంగతి, మొత్తం ఒకే ముక్కగా చేయొద్దు. ముందు సీట్ల మీద ఒకటి, వెనక సీట్ల మీద ఒకటి, రెండుగా చేయండి. డిక్కీలో పడతాయి, మధ్యలో వేలాడవు. అన్నిటికంటే ముఖ్యం, కారు నడుస్తున్నప్పుడు వెనక ముక్క ఒక్కటే ఉంచుకోవచ్చు. ముందు ముక్క పార్కింగ్‌కి మాత్రమే. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు అది ఊడి డ్రైవర్ మొహం మీద పడిందంటే నేను చెప్పే పని కాదు. మీ బాపు వెనకే కూర్చుంటారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ముందు కూర్చుంటానంటే నెత్తికి తువాల చుట్టుకోమనండి.

ఫోమ్‌ను అట్ట కంటే ప్రతి వైపూ 6 నుంచి 8 మి.మీ. ఎక్కువ పెట్టి కోయాలి. ఆ ఎక్కువే పరదాను గూట్లో బిగించి పట్టుకుంటుంది. కైంచి వాడితే అంచు ఏటవాలుగా వస్తుంది. కొత్త బ్లేడు, కింద చెక్క పలక, ఒకే గీత మీద తేలిగ్గా మూడు నాలుగు సార్లు గీయండి. రెండు ముక్కలు కలిసే చోట ఒకదానికి నాలుగు వేళ్ల గుడ్డ పట్టీ వేలాడేలా కుడితే నడుమ ఎండ గీత పడదు.

కింది వైపు, అంటే మీకు కనిపించే వైపు, లేత రంగు నూలు గుడ్డ వేయండి. పాత దుప్పటి బ్రహ్మాండంగా పనికొస్తుంది. రెండు వైపులా వెండి ఉంటే వెనక అద్దంలోంచి వచ్చే ఎండ దాని మీద పడి కళ్లలో కొడుతుంది, రాత్రి వెనక బండ్ల లైట్లు కూడా. చుట్టూ అంచును కప్పేలా పైపింగ్ పట్టీ కుట్టాలి. ఇంట్లో కుట్టు మిషన్ ఉంటే 5 మి.మీ. షీటు వరకు 16 నంబరు సూదితో కుట్టొచ్చు, కుట్టు మాత్రం పొడుగ్గా పెట్టండి. దగ్గర దగ్గరగా కుడితే పోస్టు స్టాంపు అంచులా చిల్లులు పడి అక్కడికక్కడే తెగుతుంది. 10 మి.మీ. అయితే ఇంటి మిషన్‌ను ఇబ్బంది పెట్టకండి, సైకిలు మోటారు సీట్లు కుట్టే ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా అరగంట పని. వెనక అంచున బొటనవేలంత ఫీత ఒకటి వేలాడేలా కుట్టించుకోండి, లేకపోతే తీసేటప్పుడు గోళ్లతో పీకి అంచు పాడు చేస్తారు.

పైన గాలి సందు ఎలా వస్తుందంటారా? కోయగా మిగిలిన ఫోమ్‌లోంచి చొక్కా గుండీ కంటే కొంచెం పెద్ద ముక్కలు ఎనిమిది కోసి, వెండి వైపు అంచుల దగ్గర కుట్టేయండి. పరదా పైకి నెట్టినప్పుడు అవి ఆనుకుని ఆగుతాయి, మిగతా జాగా అంతా సందుగా ఉంటుంది. వెండి మీద దుమ్ము పేరుకుంటే సగం పని పోయినట్టే. మన రోడ్ల దుమ్ముకు పదిహేను రోజులకోసారి తడి దస్తీతో తుడవండి. మడత పెట్టొద్దు, మడత పడిన చోట వెండి పొర చిట్లుతుంది.

అతికించడానికి ఏమైనా కావాలా అని అడుగుతారు. కొలత కుదిరితే అక్కర్లేదు. రబ్బరు కప్పులు ఏప్రిల్‌లోనే ఊడతాయి. అయస్కాంతాలు పెట్టినవాళ్లున్నారు, లైనింగ్ వెనక ఇనుము ఎంత లోతున ఉందో కారును బట్టి మారుతుంది. పైగా చిన్నగా ఉండి బలంగా లాగే ఆ వెండి రంగు అయస్కాంతాలు, మామూలు రకం, 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. డబుల్ టేపు మాత్రం కలలో కూడా వద్దు. నా సొంత కారుకే వేశాను, టాప్ లైనింగ్ పనివాణ్ణి అయ్యుండి! ఎండకు దాని గమ్ము జారి గుడ్డలోకి ఇంకింది, పీకితే లైనింగ్ నూగు కూడా వచ్చేసింది. ఆ లైనింగ్ అంతా మళ్లీ నేనే మార్చుకున్నాను, ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పరదాను ఎప్పుడూ కంపెనీ గుడ్డకు కింద పెట్టండి, గుడ్డకూ అద్దానికీ నడుమ దూర్చొద్దు. ఎండ ముందే ఆగుతుంది కదా అని చాలామందికి అదే తెలివైన పనిలా తోస్తుంది. నిజమే, ఆగుతుంది. కానీ అక్కడ అద్దం జరిగే పట్టాలు ఉంటాయి. మా దగ్గరికి వచ్చే ఒకాయన అలాగే పెట్టి, మరిచిపోయి, అద్దం తెరిచే బటన్ నొక్కాడు. మూల పట్టాలోకి లాగేసుకుంది, మోటారు గుర్రుమని ఆగిపోయింది, సన్‌రూఫ్ సగం తెరుచుకుని ఉండిపోయింది. ఆ వారమే అకాల వర్షం. దాని బాగుచేతకు అయిన ఖర్చుతో పది పరదాలు కుట్టించుకోవచ్చు. అద్దం తెరవాలనుకుంటే ముందు మన పరదా తీసి డిక్కీలో పెట్టాకే బటన్ మీద చేయి వేయండి. అలాగే తలుపుల పైన, పక్క అంచుల మీద ఏమీ వేలాడదీయకండి, కొన్ని కార్లకు అక్కడే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (గుద్దుకున్నప్పుడు పక్క అద్దాల వెంబడి విచ్చుకునే గాలి సంచులు) ఉంటాయి.

పార్కింగ్‌లో ఉన్నప్పుడు ఇంకా మంచి ఉపాయం ఉంది. ఎండను అద్దం తాకకముందే ఆపితే లోపల ఏ పరదా చేసినా రానంత ఫలితం వస్తుంది. తెల్ల కాన్వాసు గుడ్డ, సన్‌రూఫ్ కంటే జానెడు ఎక్కువ, రెండు పక్కలా వెడల్పు పట్టీలు కుట్టి, ఆ పట్టీలను తలుపుల్లో వేసి మూసేయడమే. తాడు అక్కర్లేదు, గాలిదుమారానికి ఎగరదు. మాకు తెలిసిన మాస్టారు ఒకరు కొత్తవాడ జంపఖానా పరిచేవారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంత మంచి నేతను కారు నెత్తిన ఎండబెట్టడం నాకు మనసొప్పలేదు గానీ, నీడ మాత్రం గట్టిగా ఇచ్చింది. గుడ్డ పరిచే ముందు కారు పైన దుమ్ము దులపండి, లేకపోతే ఇసుక రేణువులు పెయింటు మీద గీతలు పెడతాయి. వానాకాలంలో వాడొద్దు, పట్టీల వెంబడి నీళ్లు ఒత్తిలో నూనె పాకినట్టు తలుపు లోపలికి పాకుతాయి. గుడ్డను తడిపి వేయొచ్చు కదా అంటారు, రోహిణి కార్తె ఎండకు కాసేపట్లోనే ఆరిపోతుంది. బోరు నీళ్లయితే అద్దం మీద తెల్ల మరకలు మిగులుతాయి.

వేడి గాలి పోవడానికి సన్‌రూఫ్ కొంచెం ఎత్తి పెట్టి వెళ్లొచ్చా అని కూడా కొందరు అడుగుతారు. ఉపాయం మంచిదే, వేడి గాలి పైకే పోతుంది. హనుమకొండ కోతుల సంగతి మీకు నేను చెప్పాలా?

ఇంతా చేస్తే ఎంత చల్లబడుతుంది? ఆగి ఉన్న కారు చెట్టు నీడలో ఉన్నట్టు అవుతుందని మాత్రం అనుకోకండి. మిగతా అద్దాలున్నాయి, రేకు ఉంది. పెరిగే వేడిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది కూడా. పరదా ఉంది కదా అని పిల్లల్నో పెద్దవాళ్లనో "ఐదు నిమిషాల్లో వస్తా" అని మూసిన కారులో వదలొద్దు. తేడా తెలిసేది రెండు చోట్ల. సీటు బెల్టు బకిల్ చేత్తో పట్టుకోగలుగుతారు. ఏసీ వేశాక వెనక సీటు తొందరగా చల్లబడుతుంది, నెత్తి మీద సెగ ఉండదు. ఎక్కగానే ఏసీ వేయకుండా నాలుగు తలుపులు తెరిచి ఒక నిమిషం ఆగండి, తర్వాత అద్దాలు దించి సుబేదారి చౌరస్తా దాకా పోయి అప్పుడు వేసుకోండి.

చేశాక ఏదైనా ఆదివారం పన్నెండు గంటలకు కారు ఎండలో పెట్టి, పరదా బిగించి, మీరే వెనక సీట్లో ఐదు నిమిషాలు కూర్చోండి, తలుపు తీసి ఉంచుకుని. అంచుల వెంబడి తల వెంట్రుకంత వెలుతురు గీత కనిపిస్తే ఏమీ కాదు. వేలు దూరేంత ఉంటే అక్కడ పైపింగ్ కింద ఇంకో పట్టీ కుట్టించండి. మిగిలిన ఫోమ్ ముక్క పారేయకండి, స్టీరింగ్ మీద కప్పడానికి సరిగ్గా సరిపోతుంది.

మీ గూడు లోతు, అంటే లైనింగ్ అంచు నుంచి గుడ్డ పరదా దాకా, రెండు వేళ్ల వెడల్పు కంటే తక్కువ ఉంటే ఈ పద్ధతిలో పరదా నిలవదు. అలాంటి కార్లూ ఉన్నాయి. అప్పుడు స్కేలు పక్కన పెట్టి ఆ అంచు ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, దానికి 5 మి.మీ. షీటుతో వేరే రకం పట్టీ కుట్టాలి, అది ఎలాగో చెబుతాను.